నిండిన వల చూసి మురిసిపోకండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ప్రొపేన్ దోమల యంత్రం

పెరడున్న ఇళ్లలో వాడే ప్రొపేన్ దోమల యంత్రాల గురించి చెన్నై పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో ముందు నాలుగు మాటల్లో. సిలిండర్లోంచి వచ్చే ప్రొపేన్ గ్యాసు క్యాటలిస్టు పలక (మంట లేకుండానే గ్యాసు కాలేలా చేసే పలక) మీద కాలుతుంది. కాలినప్పుడు కార్బన్ డయాక్సైడు, వెచ్చదనం, తేమ బయటికొస్తాయి. రక్తం కావలసిన ఆడదోమ ఆ వాసన పట్టుకుని, అక్కడ మనిషో పశువో ఉందనుకుని వస్తుంది. దగ్గరికి రాగానే లోపలి ఫ్యాను దాన్ని వలసంచిలోకి లాగేస్తుంది. అక్కడ గాలి తగిలి తగిలి ఒకరోజులో ఎండి చస్తుంది. మందు చల్లడం, పొగ పెట్టడం ఏమీ లేదు.

యంత్రం కొని వరండా పక్కనే పెట్టాం. వారంలో వల సగం నిండింది, కానీ సాయంత్రం కూర్చుంటే ఇదివరకటి కంటే ఎక్కువ కుడుతున్నాయి. ఇదేం విడ్డూరం? – ఒక పాఠకురాలు, నీలాంగరై

విడ్డూరమేమీ లేదమ్మా. దూరంగా ఉన్న దోమల్ని మీరే వరండాకి పిలుచుకుంటున్నారు. వచ్చిన ప్రతి దోమా యంత్రంలోకి పోదు. పక్కన మనిషి కాలు కనిపిస్తే అటే తిరుగుతుంది.

ఒక లెక్క చూడండి. 9 కిలోల ప్రొపేన్ సుమారు 21 రోజులు వస్తుంది. అంటే గంటకు 18 గ్రాముల చొప్పున కాలుతుంది. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడు నిమిషానికి దాదాపు అర లీటరు. ఊరికే కూర్చున్న పెద్దమనిషి నిమిషానికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు వదులుతాడు. కాబట్టి మీ యంత్రం ఇద్దరు మనుషులతో సమానం. వరండాలో ఆరుగురు కూర్చుంటే ఊపిరిలోనూ చెమట వాసనలోనూ మీదే పైచేయి. అందుకే మనుషులు కూర్చునే చోటికీ యంత్రానికీ కనీసం 30 నుంచి 40 అడుగుల దూరం ఉండాలి.

దూరం ఒక్కటే చాలదు, గాలివాటం కూడా చూడాలి. దోమ గాలికి ఎదురుగా వాసన వెంబడి ఎగురుతుంది. కాబట్టి గాలి ముందు మిమ్మల్ని తాకాలి, తర్వాత యంత్రాన్ని, ఆ తర్వాత దోమలుండే పొదల్ని. ఈ వరసలో ఉంటే మీ ఊపిరి వాసన పట్టుకుని బయల్దేరిన దోమకు కూడా దారిలో ముందు యంత్రమే తగులుతుంది. వరస తిరగబడితే మీరే యంత్రానికి ఎరవుతారు.

చెన్నైలో ఇది తేలిక. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వీస్తుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో పేరుకు తగ్గట్టు ఈశాన్యం నుంచి. రెంటిలోనూ సాయంత్రపు గాలి సముద్రం వైపు నుంచే. దోమలు నక్కే అరటి గుబురో, క్రోటన్లో, మురుగు కాలువో పడమర వైపుంటే యంత్రాన్ని వాటికి కాస్త తూర్పున పెట్టండి. తెల్లవారుజామున గాలి తిరగబడుతుంది, దానికి భయపడకండి, ఆ వేళ వరండాలో ఎవరూ కూర్చోరు. అయినా గోడలు, పక్కింటి మేడలు గాలిని మళ్లిస్తాయి కాబట్టి సాయంత్రం ఆరింటికి, యంత్రం పెట్టకముందే, ఆ చోట ఒక అగరువత్తి వెలిగించి నేలకు రెండడుగుల ఎత్తులో పట్టుకోండి. పొగ పొదల వైపు బద్ధకంగా సాగితే చోటు సరైనది. సుడి తిరిగితే నాలుగడుగులు జరిపి మళ్లీ చూడండి. మిట్టమధ్యాహ్నం కూడా నీడ పడే చోటు మేలు. ఈదురుగాలి తగిలే మూల పనికిరాదు, వాసన చెదిరిపోతుంది.

మాది అర గ్రౌండు (1,200 చదరపు అడుగులు) స్థలం. ఎకరానికి సరిపోతుందని అట్ట మీద రాశారు. మాకు ఇంకా బాగా పనిచేయాలిగా? – మడిపాక్కం

పనిచేయదు. ఎకరం అంటే 18 గ్రౌండ్ల పైమాట. ఆ మాట అంత ఖాళీ జాగాను ఊహించి రాసింది. 1,200 చదరపు అడుగుల్లో ఇల్లు పోగా, యంత్రానికీ మనుషులకీ మధ్య 30 అడుగుల దూరం ఎక్కడ దొరుకుతుంది? ఒక గ్రౌండులో, అంటే 40 అడుగులు 60 అడుగుల స్థలంలో, ముందు వరండా ఉండి వెనక పెరడుంటే ఎలాగో కుదురుతుంది. అర గ్రౌండుకి కొనవద్దు. ఆ డబ్బుతో కిటికీలన్నిటికీ దోమతెర బిగించుకోండి.

మా అబ్బాయి అమెరికా నుంచి యంత్రం తెచ్చాడు. ఇంటి వంటగ్యాసు సిలిండర్ తగిలించుకోవచ్చని ఇక్కడి మెకానిక్ అంటున్నాడు. బిగించమంటారా? – పోరూరు

వద్దు. మూడు కారణాలున్నాయి, మూడూ గట్టివే.

ఒకటి, చట్టం. 14.2 కిలోల ఇంటి సిలిండర్ వంటకోసం ఇచ్చింది. 2000 నాటి ఎల్‌పీజీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం దాన్ని వేరే పనికి వాడకూడదు.

రెండు, బిగింపు. అమెరికా రెగ్యులేటర్ మరసీలు మన సిలిండర్ వాల్వుకి పట్టవు. లేత్ మీద అడాప్టర్ తిప్పించి కలుపుతామని కొందరంటారు. గ్యాసు లీకులు మొదలయ్యేది సరిగ్గా అలాంటి అతుకుల దగ్గరే.

మూడోది గ్యాసు తీరు, దీన్నే ఎవరూ చెప్పరు. ఆ యంత్రంలో గ్యాసు వదిలే సన్నకంత మూతి, అంటే నాజిల్, ప్రొపేన్‌కి కొలిచి చేసింది. మన ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. ఒక లీటరు బ్యూటేన్ ఆవిరిలో ప్రొపేన్ కంటే దాదాపు 30 శాతం వేడి ఎక్కువ, కాలడానికి గాలి కూడా అంతే ఎక్కువ కావాలి. ఆ గాలి అందదు. క్యాటలిస్టు అతిగా వేడెక్కుతుంది, మసి పడుతుంది, సగం కాలిన విషవాయువు వస్తుంది. పైగా సిలిండర్లోంచి ముందు ప్రొపేనే ఎక్కువగా ఆవిరై పోతుంది, అడుక్కి పోయేకొద్దీ బ్యూటేన్ పాలు పెరుగుతుంది. అందుకే ఇలా బిగించినవాళ్లు మొదటి వారం బ్రహ్మాండంగా నడిచిందంటారు, రెండో వారం నుంచి ఆగిపోతోందంటారు.

మరి ఏం చేయాలి? యంత్రం వెనక నామఫలకం చదవండి. కేవలం ప్రొపేన్ అని ఉంటే పారిశ్రామిక గ్యాసులు అమ్మే డీలర్ దగ్గర ప్రొపేన్ సిలిండర్, దానికి తగిన రెగ్యులేటర్ రెండూ కలిపి తీసుకోవాలి. ఐరోపా దేశాలకోసం చేసిన కొన్ని గ్యాసు పరికరాల మీద ‘ఐ3బి/పి’ అని ఉంటుంది. అది బ్యూటేన్‌కీ ప్రొపేన్‌కీ మిశ్రమానికీ పనికొచ్చే రకం. దానికి, వంట కనెక్షన్ మీద ఇచ్చేది కాకుండా, బజార్లో అమ్మే 5 కిలోల చిన్న సిలిండర్ గానీ 19 కిలోల వాణిజ్య సిలిండర్ గానీ, యంత్రం అడిగే ఒత్తిడి ఇచ్చే రెగ్యులేటర్‌తో పెట్టుకోవచ్చు. వీధి చివర పెద్ద సిలిండర్లోంచి చిన్నదాంట్లోకి గ్యాసు ఎక్కించి ఇచ్చే చోట్లకి మాత్రం పోకండి.

అమెరికా యంత్రం కరెంటు అడాప్టర్ కూడా చూసుకోండి. 120 వోల్టులని ఒక్కటే రాసి ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణంలో కాలిపోతుంది. 100–240 అని ఉంటే భయం లేదు.

యంత్రం మొదలవుతుంది, పావుగంటకి ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అంతే. సిలిండర్లో గ్యాసు ఉంది. బాగుచేయడానికి ఎవరూ దొరకడం లేదు. – అంబత్తూరు

ఈ యంత్రాలకు వచ్చే రోగాల్లో సగం ఇదే. యంత్రం వేడెక్కే వేళకి తగినంత గ్యాసు అందకపోతే లోపలి సెన్సార్ అనుమానించి వాల్వు మూసేస్తుంది. ఎందుకు అందడం లేదో ఒక్కొక్కటిగా చూడండి, తేలికవి ముందు.

గ్యాసు ఉందని చెయ్యితో ఊపి చెప్పకండి, తూచండి. సిలిండర్ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. సామాన్లు తూచే కొక్కెం కాటాకి తగిలించి, వచ్చిన బరువులోంచి అది తీసేస్తే మిగిలింది గ్యాసు. ఈ కాటా మీకు ఎప్పుడూ పనికొస్తుంది. బాగా నడిచే యంత్రం రోజుకి సుమారు 430 గ్రాములు, వారానికి 3 కిలోలు తింటుంది. వారానికి రెండు కిలోలే తగ్గితే నాజిల్ పూడుతోందని అర్థం, యంత్రం ఆగకముందే తెలిసిపోతుంది. నాలుగు కిలోలు తగ్గితే ఎక్కడో లీకుంది, వెంటనే ఆపాలి.

తర్వాత, వాల్వు తిప్పే పద్ధతి. గభాల్న తిప్పితే అతిప్రవాహాన్ని ఆపే రక్షణ గల రెగ్యులేటర్లు ‘గొట్టం తెగింది’ అనుకుని బిగుసుకుంటాయి, గ్యాసు సన్నగా మాత్రమే వదులుతాయి. పూర్తిగా మూసి, ఐదు నిమిషాలు ఆగి, మెల్లగా, చెంచాతో తేనె వంచినంత మెల్లగా తిప్పండి. కొత్త సిలిండర్ మార్చినరోజైతే గొట్టంలో గాలి ఉంటుంది, రెండు మూడుసార్లు మొదలుపెడితే గానీ అందుకోదు.

ఇంకా ఆగుతుంటే, పూడిక. గ్యాసుతో పాటు సన్నని నూనెజిడ్డు వస్తుంది. అది రెగ్యులేటర్లో, నాజిల్ కంతలో పేరుకుంటుంది. సిలిండర్‌ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చినా, వాలుగా నిలబెట్టినా, ద్రవమే గొట్టంలోకి దిగి జిడ్డు రెట్టింపవుతుంది. తెచ్చాక నిటారుగా కొన్ని గంటలు కదలకుండా ఉంచి, అప్పుడు తగిలించండి.

పూడిక తీయడానికి చాలా యంత్రాలకు ఒక చిన్న మూతిగొట్టం, దానికి పట్టే కార్బన్ డయాక్సైడు గుళిక ఇస్తారు. సిలిండర్ మూసి, యంత్రం పూర్తిగా చల్లారనిచ్చి, ఆ మూతికి గుళిక పనిముట్టు బిగించి ఒక్క ఊపు వదలాలి. లోపలి జిడ్డు విసురుగా బయటికి పోతుంది. ప్రతి సిలిండర్ మార్పుకి ఒకసారి ఇలా చేస్తే ఈ రోగం దాదాపు రాదు. గుళిక దొరకలేదని పంక్చర్ షాపు కంప్రెసర్ పెట్టించకండి. ఆ గాలిలో నీళ్లూ నూనే ఉంటాయి, ఒత్తిడికి రెగ్యులేటర్ పొర చిరుగుతుంది. నాజిల్ కంతలో సూది, పిన్నీసు అసలు పెట్టకండి. కంత వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాసు లెక్క తప్పుతుంది, ఇక ఆ నాజిల్ పనికిరాదు.

కొన్ని నెలలు వాడకుండా మూలన పెట్టి తీశారా? అయితే బర్నర్‌కి గాలి వెళ్లే గొట్టంలో టార్చి వేసి చూడండి. సాలెపురుగులకి ఆ గొట్టాలంటే ఇష్టం. గోళీకాయంత తెల్లటి గూడు చాలు గాలి ఆగిపోవడానికి. మెత్తని కుంచెతో తీసేయండి. ఇవన్నీ చూసినా ఆగుతుంటే సెన్సారో క్యాటలిస్టో పోయినట్టు. అది విడిభాగం మార్చే పని, ఇంట్లో అయ్యేది కాదు.

ఏ అతుకు విప్పి బిగించినా చివర్న సబ్బునీళ్ల పరీక్ష తప్పనిసరి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, నీళ్లు నాలుగు చెంచాలు. యంత్రం ఆపి ఉంచి సిలిండర్ మాత్రం తెరవండి. వాల్వు–రెగ్యులేటర్, రెగ్యులేటర్–గొట్టం, గొట్టం–యంత్రం, మూడు చోట్లా కుంచెతో రాసి అర నిమిషం చూడండి. బుడగ పుట్టి పెరిగితే లీకు. వాసన వస్తూ ఆగకపోతే సిలిండర్ మూసి, స్విచ్చులేవీ వేయకుండా, తీయకుండా దూరంగా వచ్చి 1906కి ఫోను చేయండి. ఎల్‌పీజీ లీకులకి దేశమంతటికీ అదే నంబరు.

గ్యాసు ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటోంది. రాత్రిపూట మాత్రమే నడిపితే? – పెరంబూరు

ఆదా అనిపిస్తుంది గానీ కాదు. ఆపిన ప్రతిసారీ లోపల తేమ పడుతుంది, మళ్లీ వేడెక్కడానికి అరగంటదాకా పడుతుంది. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ పగటి దోమ. పొద్దున్నా, సూర్యాస్తమయానికి ముందూ కుడుతుంది. రాత్రి నడిపితే దాన్ని వదిలేసినట్టే. అంతకంటే ముఖ్యం, ఈ యంత్రం లాభం ఆ పూట పట్టిన దోమల్లో లేదు. గుడ్లు పెట్టే ఆడదోమల్ని రోజూ తీసేస్తూ పోతే ఆరేడు వారాలకి సంతతి సన్నగిల్లుతుంది. మధ్యలో నాలుగు రోజులు ఆపితే తప్పించుకున్న ఒక్కో దోమ వంద పైన గుడ్లు పెడుతుంది.

ఖర్చు తగ్గాలంటే రోజులో గంటలు కాదు, ఏడాదిలో నెలలు తగ్గించుకోండి. వానలు మొదలయ్యే అక్టోబరు నుంచి, వానలు వెనకబట్టి కాలువల్లో నీళ్లు కదలకుండా నిలిచే ఫిబ్రవరి దాకా ఏకబిగిన నడపండి. నడి ఎండాకాలంలో దోమలు పలచబడితే ఆపేయండి. ఆపేటప్పుడు సిలిండర్ ముందు మూసి, ఫ్యాను ఐదు నిమిషాలు తిరగనిచ్చి, తర్వాత కరెంటు తీయండి. తెరిచి ఉన్న మూతులన్నిటికీ పలచని బట్ట కట్టి దాచండి.

వాసన బిళ్ల 21 రోజులకోసారి మార్చాలట. అది లేకుండా నడవదా? ఏ రకం కొనాలి? – పల్లికరణై

నడుస్తుంది. బిళ్ల తోడు మాత్రమే, అసలు ఎర కార్బన్ డయాక్సైడు. బజార్లో రెండు రకాలున్నాయి. ఆక్టెనాల్ బిళ్లలో ఉండేది పశువుల ఊపిరిలో ఉండే వాసన. లాక్టిక్ ఆమ్లం బిళ్లలో ఉండేది మన చెమటలోది. ఏది కావాలో తెలియాలంటే మీకు పడుతున్నది ఏ దోమో తెలియాలి.

వలసంచి విప్పి తెల్లకాగితం మీద దులపండి. పిల్లల భూతద్దం చాలు. నల్లటి ఒళ్లు, కాళ్లకి తెల్లటి పట్టీలు ఉంటే ఏడిస్. దీనికి లాక్టిక్ ఆమ్లం బిళ్ల పనికొస్తుంది. ఒళ్లంతా మట్టిరంగు, పట్టీలు స్పష్టంగా లేకపోతే క్యూలెక్స్, అంటే మురుగునీటి దోమ, బోదకాలు మోసేది. దీన్ని ఆక్టెనాల్ పెద్దగా లాగదు. చిత్తడినేలకీ మురుగు కాలువలకీ దగ్గరున్న మీకు పడేది చాలావరకు ఇదే అయ్యుంటుంది. అలాగైతే ఆక్టెనాల్ డబ్బు మిగుల్చుకోవచ్చు. రెక్కల మీద మచ్చలున్నది అనాఫిలిస్. బతికున్నప్పుడు గోడ మీద తలకిందులుగా వాలినట్టు ఏటవాలుగా కూర్చుంటుంది. మలేరియా రహస్యం బయటపడింది ఈ జాతి దోమలోనే, మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దాని కడుపు కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఏటా ఆ రోజునే ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు. చెన్నైలో పట్టణపు మలేరియా మోసే అనాఫిలిస్ మురుగులో పెరగదు, మేడ మీది మంచినీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో పెరుగుతుంది.

బిళ్ల పెట్టిన తేదీ యంత్రం మూత లోపల పెన్నుతో రాయండి. బిళ్ల తాకిన చేతులు కడుక్కోండి.

వలలో పడ్డ దోమల్ని చీమలు తినేస్తున్నాయి, వలకి చిల్లులు కూడా పెట్టాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం. – తాంబరం

గిన్నెలు ఇవాళే తీసేయండి. వారం కదలని నీళ్ల గిన్నె ఏడిస్‌కి పురిటిల్లు. కాళ్ల చుట్టూ జానెడు మేర వ్యాజిలిన్ గానీ గ్రీజు గానీ దళసరిగా పట్టించండి, పదిరోజులకోసారి తుడిచి కొత్తగా రాయండి. గొట్టానికీ కరెంటు తీగకీ కూడా ఆ పట్టీ ఉండాలి, చీమలు తీగ మీదుగానే ఎక్కుతాయి. యంత్రాన్ని ఆనుకున్న కొమ్మలు కొట్టేయండి. చీమలమందు పొడి, స్ప్రే ఏదీ యంత్రం మీద చల్లకండి. ఆ వాసనకి దోమలే రావు. చిరిగిన వలకి దారంతో కుట్లు వేస్తే సందుల్లోంచి జారిపోతాయి, కొత్త వల వేసుకోవాల్సిందే. వల సగం నిండగానే ఖాళీ చేయాలి. మూటకట్టిన దోమలు గాలికి అడ్డుపడతాయి. లాగుడు సరిగా ఉందో లేదో తెలియాలంటే పలచని టిష్యూ కాగితం ముక్క లోపలికి పీల్చే మూతి దగ్గర పట్టుకోండి. చేతిలోంచి లాక్కోవాలి.

సముద్రం దగ్గర కావడంతో ఏడాదికే తుప్పు పట్టింది. – తిరువాన్మియూర్

ఉప్పుగాలికి ముందు పోయేవి కరెంటు అతుకులు, ఫ్యాను ఇరుసు. నెలకోసారి యంత్రం ఆపి, చల్లారాక, పైభాగాలు మంచినీళ్లలో పిండిన బట్టతో తుడవండి. బర్నర్ దగ్గర తడి తగలకూడదు. ఫ్యాను రెక్కల మీది జిడ్డు పొడి టూత్‌బ్రష్‌తో తీయండి. రబ్బరు గొట్టం ఏటా వంచి చూడండి, సన్నని బీటలు కనిపిస్తే మార్చేయండి. ఏ పగులూ లేకున్నా ఐఎస్‌ఐ గుర్తున్న గొట్టాన్ని ఐదేళ్లకి మించి వాడవద్దు.

మాది మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలో పెట్టుకోవచ్చా? లేదంటే చక్కెర, ఈస్టు సీసా పెడితే అదే పని చేస్తుందా? – వేళచ్చేరి

బాల్కనీలో వద్దు. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే కింది ఫ్లాటు కిటికీల్లోకీ సెల్లారులోకీ దిగి అక్కడ మడుగు కడుతుంది. తెరలూ అద్దాలూ వేసిన బాల్కనీ అయితే కాలిన గ్యాసు కూడా ప్రమాదమే. ఫ్లాట్ల వాళ్లందరూ కలిసి కింద తోట మూలన, సెల్లారు ర్యాంపుకీ సంపు మూతకీ దూరంగా పెట్టుకోగలిగితే అది వేరే మాట.

సీసా సంగతి. 100 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు 50 గ్రాముల కార్బన్ డయాక్సైడు వస్తుంది. గ్యాసు యంత్రం అంత ఒక్క గంటలో వదులుతుంది. సీసా దాన్ని రెండు మూడు రోజులు సాగదీసి వదులుతుంది, లాగే ఫ్యాను కూడా లేదు. పిల్లల సైన్సు ప్రాజెక్టుకి బాగుంటుంది, ఇంటికి కాదు.

తుపాను వస్తోందంటే ఏం చేయాలి? – పల్లావరం

సిలిండర్ మూసి, విప్పి, ఎత్తయిన చోట, ఇంటి బయట, నిటారుగా గొలుసుతో కట్టేయండి. ద్రవరూపంలో ఉన్న గ్యాసు బరువు నీళ్లలో సగమే, కాబట్టి నిండు సిలిండర్ కూడా వరదలో తేలి కొట్టుకుపోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి నీళ్లు చేరిన వీధుల్లో మీవీ ఉంటే ఇది తప్పనిసరి. మునిగిన రెగ్యులేటర్‌ని ఆరబెట్టి వాడొద్దు, మార్చేయండి.

రెండు నెలలుగా ఆపకుండా నడుపుతున్నాం. చోటు సరిగ్గానే ఉంది, ప్రతివారం వల నిండుతోంది. అయినా పక్కింట్లో పిల్లవాడికి డెంగ్యూ వచ్చింది, మా ఇంట్లో పగలు దోమలున్నాయి. యంత్రం దండగేనా? – క్రోంపేట

దండగ కాదు, కానీ వల మీకు చెబుతున్నది మీరు విన్నది కాదు. రెండు నెలల తర్వాత కూడా వల అంతే నిండుతోందంటే, ఎంత పడుతున్నాయో అన్ని పుడుతున్నాయన్నమాట. క్యూలెక్స్ కిలోమీటరు పైన ఎగిరి వస్తుంది, కాలువ పక్క ఇళ్లలో దాన్ని సున్నా చేయలేం. ఏడిస్ అలా కాదు. సాధారణంగా పుట్టినచోటికి రెండు మూడు వందల మీటర్లు దాటదు. పగలు ఇంట్లో కుడుతోందంటే మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టింది. పుట్టాక మంచం కింద, పరదాల వెనక, వేలాడే బట్టల మధ్య నక్కి ఉంటుంది. పెరట్లో యంత్రం వాసన అక్కడికి చేరదు.

చెన్నై వేడికి గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు పడుతుంది. కాబట్టి వారానికి ఒక్క రోజు పెట్టుకుని, అదే రోజు ప్రతివారం, ఇల్లంతా తిరగండి. ఫ్రిజ్ వెనక నీళ్ల పళ్లెం, ఏసీ నీళ్లు పట్టే బకెట్టు, మనీప్లాంటు సీసా, కుండీల కింద పళ్లేలు, పెరట్లో బోర్లించని రుబ్బురోలు, తాగి పారేసిన కొబ్బరిబొండాలు, సన్‌షేడ్ మీద వాన నీళ్లు, మేడ మీద పాత టైరు. పైకీ కిందికీ గెంతే సన్నని పురుగులు కనిపిస్తే అవే దోమ పిల్లలు. నీళ్లు పారబోస్తే సరిపోదు. ఏడిస్ నీటి అంచున గోడకి గుడ్లు అంటిస్తుంది, అవి ఎండినా నెలల తరబడి బతికుండి మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. పీచుతో గోడలు గట్టిగా తోమి, ఎండలో బోర్లించాలి. పక్కింటివాళ్లని కూడా పిలిచి కలిసి చూడండి. కార్పొరేషన్ నుంచి తనిఖీకి వచ్చేవాళ్లని గుమ్మంలో ఆపేయకుండా మేడ మీదికి పంపండి.

యంత్రాన్ని కొలవాల్సింది వలతో కాదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఒకే వేళకి, ఒకే కుర్చీలో, మోకాళ్ల కింద బట్ట లేకుండా పదినిమిషాలు కూర్చుని ఎన్ని దోమలు వాలాయో రాసుకోండి. కుట్టకముందే విదిలించేయండి. ఇంట్లో డెంగ్యూ, మలేరియా ఉన్నప్పుడు ఈ లెక్క వద్దు. నాలుగు ఆదివారాలు ఆ అంకె తగ్గుతూ వస్తే వల ఖాళీగా ఉన్నా యంత్రం పనిచేస్తున్నట్టే. తగ్గకపోతే ఇంకా ఎక్కడో నీళ్లున్నాయి. అన్నీ చూశామని రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఒకటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత బిగించి ఉంటుంది, పక్కనే గాలికోసం వదిలిన గొట్టం, ఓవర్‌ఫ్లో గొట్టం తెరిచి ఉంటాయి. నిచ్చెన వేసుకుని ఎక్కి, రెంటికీ నైలాన్ దోమతెర రెండు మడతలుగా చుట్టి తీగతో బిగించండి.